మందు గురించి అడిగాను, కల్లు గురించి అడగలేదు

రాత్రి 11 దాటాక ఆటోలో తీసుకొచ్చారు. నల్ల లుంగీ, మెడలో తులసి మాల, చెమటకు కరిగి కనుబొమల మీదికి జారిన విభూతి, కాళ్లకు చెప్పుల్లేవు. ఇద్దరు స్వాములు చెరో రెక్క పట్టుకుని నిలబెడితే, మధ్యలో ఆయన గోడ కడుతున్నాడు. ఎడమ చేత్తో గాల్లోంచి ఇటుక అందుకుంటాడు. కుడి చేతిలో లేని తాపీతో మాలు పరుస్తాడు. ఇటుక పెట్టి తాపీ పిడితో రెండు దెబ్బలు వేస్తాడు. ఒక కన్ను మూసి వరస సరిగ్గా ఉందో లేదో చూసుకుంటాడు. "మాలు పల్సగయింది, ఇంకింత సిమిటి పొయ్యి" అని క్యాజువాలిటీ తలుపు దగ్గర ఎవరినో కసిరాడు. అక్కడ ఎవరూ లేరు.

వయసు 43. పాలమూరు వైపు తాపీ మేస్త్రీ. ఆయన చేతికింద అయిదారుగురు పని చేస్తారు. నేను జిల్లా కేంద్రంలో ఒక చిన్న ఆసుపత్రిలో సైకియాట్రిస్టుని. ఈ కేసు గురించి రాయడానికి ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నారు. ఆనవాలు దొరికే వివరాలు మార్చాను. వైద్యం సంగతులు మాత్రం, నేను చేసిన పొరపాటుతో సహా, జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను.

మతి తప్పిన మనిషి తన వృత్తి పని చేసుకుంటూ పోవడం డెలీరియం ట్రెమెన్స్‌లో, అంటే రోజూ తాగేవాడు హఠాత్తుగా మానితే మతి చలించే జబ్బులో, చూస్తుంటాం. దర్జీ లేని సూదిలోకి దారం ఎక్కిస్తాడు. లారీ డ్రైవరు మంచం మీద కూర్చుని గేరు మారుస్తాడు. మా నర్సులకు ఇది కొత్త కాదు. ఆ ఇంటివాళ్లకు మాత్రం కొత్త. తల్లి రెండు చేతులు జోడించి నిలబడి ఉంది. "స్వామి ఒంట్లకొచ్చిండు సారూ, అపచారం ఏదో జరిగింది" అంటోంది. భార్య ఏమీ అనలేదు. కార్డు రాయించేటప్పుడు మాత్రం మెల్లగా నా దగ్గరికి వచ్చి, "మూడు దినాల సంది ఒక్క నిమిషం పండుకోలే సార్. గోడ మీద చీమలు పారుతున్నయంటడు. పక్కబట్టలు దులిపిందే దులుపుడు" అంది.

ఆమెను అక్కడే నేల మీద కూర్చోబెట్టి వివరాలు అడిగాను. ఆదివారం రాత్రి 10 గంటలకు ఆఖరుసారి తాగాడు. సోమవారం తెల్లవారుజామున అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఆ సాయంత్రానికే చేతులు వణికాయి, బువ్వ సయించలేదు. మంగళవారం తెల్లారుజామున చన్నీళ్ల స్నానం చేసి వస్తూ పీఠం మెట్ల మీద పడిపోయాడు. చేతులూ కాళ్లూ కొట్టుకున్నాయి, నాలుక కొరుక్కున్నాడు. చలికి అలా అయిందనుకున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి రెండు గ్లూకోజ్ సీసాలు ఎక్కించి, బలానికి పసుపు రంగు సూది ఒకటి అందులో కలిపాడు. బుధవారం మధ్యాహ్నం నుంచి గోడ కట్టడం మొదలైంది.

రోజుకు ఎంత మందు తాగుతాడని అడిగాను. రెండు క్వార్టర్లు, కూలి డబ్బులు చేతికొచ్చిన రోజు మూడు, బ్రాందీ అంది. 14 ఏళ్లుగా. ఈ మధ్య పొద్దున పళ్లు తోముకోకముందే ఒక గుక్క పడనిదే తాపీ చేతిలో నిలవడం లేదట. సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. ఆ లెక్కన 180 మిల్లీలీటర్ల క్వార్టరులో దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు. మూడు క్వార్టర్లంటే 180 గ్రాములు. లెక్క సరిపోయిందనుకుని పెన్ను మూశాను. ఆ ప్రశ్నలో ఏం తప్పుందో తెలియడానికి పది రోజులు పట్టింది.

ఇంకో సంగతి కూడా ఆమే చెప్పింది. ఆయన మాల వేసుకోవడం ఇది నాలుగోసారి. మొదటి ఏడాది ఒకటి రెండు రోజులు చేతులు వణికి తగ్గిపోయింది. రెండో ఏడాది వారం నిద్ర లేదు. పోయిన ఏడాది చెవిలో ఎవరో భజన చేస్తున్నట్టు వినిపించిందట. దాన్ని అందరూ దైవానుగ్రహం అనుకున్నారు. ఈ మూడేళ్లకు ముందు, 2020 లాక్‌డౌన్‌లో షాపులు మూసినప్పుడు, మూడో రోజు ఒకసారి ఫిట్స్ వచ్చింది. ఎవరో మూర్ఛకు ఇచ్చే ఫినిటోయిన్ గోళీలు రాసిస్తే ఏడాదిన్నర మింగి మానేశాడు. మద్యం మానేసినందువల్ల వచ్చే ఫిట్స్‌ను ఫినిటోయిన్ ఆపదు. ఇది తెలియక ఏళ్ల తరబడి ఆ గోళీలు మింగుతున్నవాళ్లు నాకు నెలకు ఒకరైనా తగులుతారు.

ఎదురుగాలికి ముందుకు వంగి నడిచేవాడు గాలి ఒక్కసారిగా ఆగితే బోర్లా పడతాడు. రోజూ తాగేవాడి మెదడు పరిస్థితి అదే. మద్యం గాబా అనే రసాయనం పనిని పెంచి మెదడును జోకొడుతుంది. ఏళ్ల తరబడి ఆ జోకొట్టడానికి ఎదురొడ్డి, మెదడు గ్లూటమేట్ అనే మరో రసాయనం వైపు నుంచి తనను తాను రెచ్చగొట్టుకుని నిలబడుతుంది. మద్యం పోయాక జోకొట్టేది ఉండదు, రెచ్చగొట్టేది మిగులుతుంది. ఆఖరి గుక్క తర్వాత ఆరేడు గంటలకు వణుకు, చెమట. ఫిట్స్ వచ్చేవాళ్లకు ఎక్కువగా 6 నుంచి 48 గంటల మధ్య. మతి చలించడం రెండో రోజు తర్వాత, నాలుగో రోజు లోపు. మా మేస్త్రీ ఈ గడియారం ప్రకారమే నడిచాడు. ఫిట్స్ 31 గంటలకు వచ్చింది, గోడ కట్టడం మూడో రోజున మొదలైంది. పైగా ఇలా ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం జరిగిన ప్రతిసారీ మెదడు మరింత తేలిగ్గా అంటుకుంటుంది. మేము దీన్ని కిండ్లింగ్ అంటాం. ప్రతి కార్తీకానికీ లక్షణాలు ఒక మెట్టు ఎక్కుతూ రావడం దీనికి చక్కని ఉదాహరణ. ఆ ఇంట్లో ఎవరికీ అది జబ్బుగా కనబడకపోవడంలో వింత లేదు. మాల వేసి మందు మానడం వాళ్లు చూసిన మంచి పనుల్లో ఒకటి.

పరీక్ష చేస్తే నాడి నిమిషానికి 128, బీపీ 170/104, జ్వరం 101.2. చేతులు చాచమంటే వేళ్లే కాదు, మోచేతుల దాకా వణుకు. కళ్లు పక్కలకు తిప్పించినప్పుడు గుడ్లు చిన్నచిన్నగా కొట్టుకుంటున్నాయి. కళ్ల తెల్లగుడ్డు పసుపు. కాలేయం రెండు వేళ్ల మందం కిందికి తగిలింది. జ్వరం ఉంది కదా అని మలేరియా, డెంగ్యూ కిట్ టెస్టులు, ఛాతీ ఎక్స్‌రే చేయించాం, ఏమీ లేదు. మెట్ల మీద పడ్డాడు కాబట్టి తలకు సీటీ చేయించాం. తాగేవాళ్లలో తల లోపల రక్తం గడ్డకట్టి, అది విత్‌డ్రాయల్ (మద్యం మానడం వల్ల వచ్చే లక్షణాలు) అని పేరు పెట్టుకుని వార్డులో పడుకున్న కేసులు చూశాను. సీటీలో మెదడు వయసుకు మించి కాస్త ముడుచుకుంది తప్ప రక్తం లేదు.

రక్త పరీక్షల్లో పొటాషియం 2.9, మెగ్నీషియం 1.3, సోడియం 131. కామెర్లను చూపే బిలిరుబిన్ 3.4. కాలేయం ఎంజైములు ఏఎస్‌టీ 168, ఏఎల్‌టీ 74. మొదటిది రెండోదానికి రెట్టింపు దాటితే మద్యం చేసిన కాలేయమే అని అనుమానించాలి. రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ 1.5, ప్లేట్‌లెట్లు 92 వేలు. ఈ కాలేయాన్ని చూసే ఏ మందు ఇవ్వాలో నిర్ణయించాను. అది ఒక రకంగా సరైనదే, ఇంకో రకంగా నన్ను పక్కదారి పట్టించింది.

ముందు థయమిన్, అంటే బీ1 విటమిన్. సెలైన్‌లో 500 మిల్లీగ్రాములు కలిపి అరగంటలో, రోజుకు మూడుసార్లు. బీ1 విటమిన్ లేని మెదడుకు గ్లూకోజ్ పోస్తే ఉన్న కాస్త బీ1 కూడా ఆ గ్లూకోజ్‌ను మండించడానికే ఖర్చయిపోతుంది. దాంతో వెర్నికీ ఎన్‌కెఫలోపతీ అనే, బీ1 లోటుతో మెదడు దెబ్బతినే జబ్బు ముంచుకు రావచ్చు, ఉన్నది ముదరవచ్చు. మతి తప్పడం, కళ్లు కొట్టుకోవడం, నడక తూలడం, ఈ మూడూ కలిసి కనబడితేనే వెర్నికీ అనుకుంటే చాలా కేసులు జారిపోతాయి. మూడూ కలిసి కనబడేది తక్కువమందిలోనే. కళ్లు కొట్టుకోవడం కనబడింది, ఇక ఆలోచించడానికి ఏమీ లేదు. గ్లూకోజ్‌లో కలిపిన ఆ పసుపు సూదిలో బీ1 ఉన్నా, మాకు కావలసిన మోతాదుకు అది ఏ మూలకూ రాదు.

ఆ తర్వాత లోరాజెపాం. డెలీరియానికి అసలు మందు ఇలాంటి బెంజోడయాజెపైన్లే. కాలేయం బాగున్న మనిషికైతే క్లోర్‌డయాజెపాక్సైడో, డయాజెపామో ఇస్తాను. అవి ఒంట్లో ఎక్కువ రోజులు ఉండి, వాటంతట అవే మెల్లగా తగ్గుతాయి. బిలిరుబిన్ 3.4 ఉన్నవాడిలో అవి పేరుకుపోయి స్పృహ తప్పించవచ్చు. లోరాజెపాం దెబ్బతిన్న కాలేయంలో కూడా దాదాపు మామూలుగానే ఒంట్లోంచి పోతుంది. 2 మిల్లీగ్రాములు నరంలోకి. పావుగంటకు మళ్లీ 2. మొదటి గంటలో 8 మిల్లీగ్రాములు ఇచ్చినా గోడ పెరుగుతూనే ఉంది.

విత్‌డ్రాయల్ కొలవడానికి మేము వాడే సీఐడబ్ల్యూఏ స్కేలులో పది అంశాలు, మొత్తం 67 మార్కులు. వికారం ఉందా, ఒంటి మీద ఏదైనా పాకుతున్నట్టుందా, తలనొప్పి ఉందా అని మనిషినే అడగాలి. ఇటుక మీద ఇటుక పెడుతున్నవాడిని ఏం అడుగుతాం? డెలీరియంలోకి జారాక ఆ స్కేలు పక్కన పెట్టి, మగతనూ అలజడినీ కొలిచే రాస్ స్కేలు చూసుకుంటాం. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకునేంత మగత మాకు కావలసింది. అంతకంటే లోతుకు పోతే శ్వాస తగ్గుతుంది. అందుకని ఒక నర్సు ఆ మంచం దగ్గరే కూర్చుని ప్రతి పావుగంటకూ శ్వాస, ఆక్సిజన్ రాసుకుంటూ ఉంది. ఇంట్లో, లాడ్జిలో, ఫామ్‌హౌస్‌లో నాలుగు గోళీలు ఇచ్చి డీటాక్స్ చేస్తామనేవాళ్ల దగ్గర లేనిది ఈ పావుగంట పుస్తకమే.

హాలోపెరిడాల్ ఇద్దామా అని డ్యూటీ డాక్టర్ అడిగాడు. వద్దన్నాను. అది ఫిట్స్ వచ్చే గీతను కిందికి దించుతుంది. పైగా ఈసీజీలో క్యూటీ ఎక్కువగా ఉంది, అంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, పొటాషియం, మెగ్నీషియం రెండూ తక్కువ. ముందు మెగ్నీషియం ఎక్కించాం. మెగ్నీషియం లోటు తీరకుండా పొటాషియం ఎంత పోసినా మూత్రంలో పోతూనే ఉంటుంది.

అర్ధరాత్రి దాటాక మాల దగ్గర చిక్కు వచ్చింది. సెలైన్ పీక్కుంటూ ఇటూ అటూ దొర్లుతుంటే మాల మెడకు బిగుసుకుంటోంది. తీసేద్దామని నర్సు చెయ్యి వేయబోతే తల్లి అడ్డం పడింది. మాల తీస్తే అరిష్టం, కొడుకు దక్కడని ఆమె భయం. మేము చెప్పి ఒప్పించే విషయం కాదది. వచ్చిన స్వాముల్లో ఒకాయన గురుస్వామికి ఫోన్ కలిపి స్పీకర్ ఆన్ చేశాడు. నిద్రలోంచి లేచిన గొంతుతో ఆయన, "అమ్మా, పానం కంటె దీక్ష పెద్దదా? నీ చేతులతోనే తియ్యి. స్వామి పటం కాడ పెట్టు. బాగయినంక మళ్ల చూద్దాం" అన్నాడు. ఆమె శరణు చెప్పుకుంటూ మాల తీసి, కొంగు చివర ముడి వేసుకుంది. అప్పటిదాకా మంచం చుట్టూ ఉన్న ఎనిమిది మందీ ఆ తర్వాత మేము చెప్పినట్టు బయటికి వెళ్లారు. భార్య ఒక్కతే మిగిలింది. పెద్ద లైట్లు ఆర్పి చిన్నది ఉంచాం. డెలీరియంలో మసక నీడలు పాములవుతాయి. పూర్తి చీకటి కూడా వద్దు, పూర్తి వెలుగూ వద్దు.

చేతులు కట్టాల్సి వచ్చింది. 40 నిమిషాలు, దూది మెత్తలు పెట్టి, రెండు మణికట్లు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అప్పటికప్పుడు వచ్చే ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడే కట్టాలి, అదీ వైద్యం చూస్తున్న సైకియాట్రిస్టు అనుమతితో. శిక్షగానో, సిబ్బంది తక్కువున్నారనో కట్టకూడదు. కారణం, టైము, ఎప్పుడు విప్పామన్నది రాసి సంతకం పెట్టాను. తన నిర్ణయం తాను తీసుకునే స్థితిలో ఆయన లేడు కాబట్టి మొదటి 72 గంటలు అదే చట్టం అత్యవసర చికిత్సకు ఇచ్చిన వీలు కింద, ఆ తర్వాత భార్య నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా (రోగి తరఫు ప్రతినిధిగా) సంతకం చేసి అడ్మిషన్ కొనసాగించాం.

ఆ రాత్రి నన్ను ఆశ్చర్యపరిచింది మా సీనియర్ నర్సు. దీక్షలో ఉన్నవాడని అందరూ "స్వామీ, స్వామీ" అని పిలుస్తున్నారు, ఆయన వినిపించుకోవడం లేదు. ఆమె దగ్గరికి వెళ్లి, "మేస్త్రీ, ఇయ్యాల్టికి పనయిపోయింది, కూలోళ్లను పంపిద్దామా?" అంది. ఆయన చెయ్యి ఆగింది. "నీళ్లు పట్టిండ్రా గోడకు?" అని అడిగాడు. పట్టారంది. పడుకున్నాడు, రెండు నిమిషాలే అయినా సరే. రోగి భ్రమకు వంత పాడకూడదని పుస్తకాలు చెబుతాయి. పగలయితే నేనూ అదే చెబుతాను. అర్ధరాత్రి 2 గంటలకు ఆమె చేసింది సరైనదే.

మరుసటి రాత్రికి లెక్క చూస్తే 24 గంటల్లో 28 మిల్లీగ్రాముల లోరాజెపాం పట్టింది. డెలీరియం ట్రెమెన్స్‌లో ఇంతకంటే ఎక్కువ పట్టినవాళ్లు ఉన్నారు. కానీ బిలిరుబిన్ 3.4 ఉన్నవాడు, 52 కిలోల మనిషి, ఇందులో సగానికే మగతలోకి వెళ్లాలి. కేసు షీటులో "టాలరెన్స్ ఎక్కువ", అంటే మందుకు ఒళ్లు బాగా అలవాటు పడి ఉందని రాశాను. ఎందుకు ఎక్కువని నన్ను నేను అడగలేదు. ఫీనోబార్బిటాల్ అనే మత్తుమందు దాకా వెళ్లాల్సి వస్తే వెంటిలేటర్ ఉన్న చోటు కావాలని హైదరాబాద్‌లో ఒక ఐసీయూతో మాట్లాడి పెట్టుకున్నాను. ఆ అవసరం రాలేదు.

ఆదివారం పొద్దున ఆయన లేచి కూర్చుని భార్యను చూసి "ఎవరిల్లిది?" అని అడిగాడు. ఆసుపత్రి అంది. "బిల్లు ఎంతయితది?" అన్నాడు. మతి కుదుటపడిందనడానికి అంతకన్నా మంచి గుర్తు ఉండదని నవ్వుకున్నాం. జ్వరం లేదు, బీపీ 134/86. కళ్లు కొట్టుకోవడం ఆగింది. నడిపించి చూస్తే కాళ్లు ఎడంగా వేస్తున్నాడు. మడమకు బొటనవేలు తగిలేలా ఒకే గీత మీద నడవమంటే రెండో అడుగుకే పక్కకు ఒరిగాడు. థయమిన్ మూడు రోజుల తర్వాత రోజుకు 250 మిల్లీగ్రాములకు తగ్గించి ఇంకో అయిదు రోజులు సూది రూపంలోనే ఇచ్చాం.

లోరాజెపాం నోటి ద్వారా 8 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి రోజూ తగ్గిస్తూ బుధవారంతో ముగించాం. అంతా లెక్క ప్రకారమే ఉంది. శనివారం ఇంటికి పంపాలనుకున్నాం.

శుక్రవారం పొద్దున నిద్ర పట్టలేదన్నాడు. మామూలే అనుకున్నాను, మద్యం మానేసినవాళ్లకు నిద్ర చెడిపోవడం వారాల పాటు ఉంటుంది. మధ్యాహ్నానికి కిటికీ కర్టెన్ వేయమన్నాడు, వెలుతురు చూడలేకపోతున్నాడు. "ఈ పంక సప్పుడు చెవుల మేకులు కొట్టినట్టున్నది" అన్నాడు. పిక్కలు, కనురెప్పలు వాటంతట అవే అదురుతున్నాయి. గుండె దడ. నాడి 112. శనివారం తెల్లవారుజామున 5 గంటలకు ఫిట్స్ వచ్చింది.

ఆఖరుసారి తాగి 13వ రోజు. మద్యం విత్‌డ్రాయల్ ఫిట్స్‌కు అది వేళ కాదు. షుగర్ చూశాం, సోడియం చూశాం, సీటీ మళ్లీ తీయించాం, ఇన్ఫెక్షన్ ఏదైనా ఉందేమోనని వెతికాం. ఎవరైనా దొంగచాటుగా మందు తెచ్చి ఇచ్చి మళ్లీ ఆపారా అని భార్యను గట్టిగానే అడిగాను. ఆమె ఏడ్చింది. నేనడిగిన ఆ గొంతుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అదే సమయానికి టిఫిన్ తెచ్చిన బామ్మర్ది గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. "సార్, మందు అయితే ఎవ్వలు ఇయ్యలే. కల్లు కూడ తాగక పదిహేను దినాలాయె కద, దానికి గిట్ల గుంజుతున్నదేమో" అన్నాడు.

కల్లు తాగుతాడా అని అడిగాను. బామ్మర్ది నన్ను వింతగా చూశాడు. "రోజూ తాగుతడు సార్. పని దిగంగనే కల్లు కంపౌండ్ల మూడు సీసలు, నాలుగు సీసలు. అటెన్క మందు. కల్లు తాగుడు లెక్కనా? మా ఊర్ల ఆడోళ్లు గూడ తాగుతరు."

నేను భార్యను అడిగిన మాట ఇంకోసారి గుర్తు చేసుకోండి. రోజుకు ఎంత మందు తాగుతాడు? ఆమె ఒక్క అబద్ధం చెప్పలేదు. మందంటే బ్రాందీ, విస్కీ. కల్లు మందు కాదు. చెట్టు నుంచి వచ్చేది, ఒంటికి చలువ చేసేది, పండక్కి ఇంటికి వచ్చినవాళ్లకు పోసేది. ఇంగ్లిషులో చదువుకున్న ప్రశ్నను తెలుగులో అడిగేటప్పుడు ఆ మాట ఎంత మేరకు పారుతుందో నేను చూసుకోలేదు.

చెట్టు కల్లయితే అందులో ఆల్కహాలు నాలుగైదు శాతం ఉంటుంది, దాన్నీ ఆ లెక్కలో కలుపుకుంటే సరిపోయేది. కానీ తెలంగాణలో చెట్లు తక్కువ, సీసాలు ఎక్కువ. ఆ తేడాను నీళ్లు, చక్కెర, శాకరిన్‌తో పూడుస్తారు. మత్తు కోసం అల్ప్రాజోలం, డయాజెపాం (ఈ రెండూ లోరాజెపాం జాతివే), క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. అల్ప్రాజోలం మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కిందికి వచ్చే మందు, అయినా పొడి రూపంలో కిలోల కొద్దీ పట్టుబడుతూ ఉంటుంది. 2015లో ఎక్సైజ్ వాళ్లు కల్తీ కల్లు మీద పట్టు బిగించినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులకు జనం వరస కట్టారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైన వారానికే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఓపీ కిటకిటలాడింది, వచ్చినవాళ్లలో చాలామంది కల్లు మానినవాళ్లే. ఇవన్నీ నాకు తెలియనివి కావు. ఓపీలోకి ఎవరైనా పిచ్చి చూపులతో వచ్చి "కల్లు బంద్ అయింది సార్" అంటే క్షణంలో గుర్తుపడతాను. బ్రాందీ సీసా ముందు కనబడితే మాత్రం దాని వెనకాల ఉన్న కల్లు సీసా నాకు కనబడలేదు.

జరిగింది ఇప్పుడు తిరగేసి చూస్తే అన్నీ కుదురుకున్నాయి. ఆయన మెదడు రెండింటికి అలవాటు పడి ఉంది. మాల రోజున రెండూ ఒకేసారి ఆగాయి. మొదటి వారం మద్యం విత్‌డ్రాయల్‌కు ఇచ్చిన లోరాజెపామే కల్లులోని అల్ప్రాజోలం లోటును కూడా పూడ్చింది. 28 మిల్లీగ్రాములు పట్టడానికి కారణమూ అదే. మద్యం లెక్కన నేను వారంలో దాన్ని తీసేయగానే, రెండోది బయటపడింది. వెలుగూ చప్పుడూ భరించలేకపోవడం, కండరాలు అదరడం బెంజోడయాజెపైన్ ఆగినప్పుడు వచ్చే ప్రత్యేక లక్షణాలు. క్లోర్‌డయాజెపాక్సైడ్ ఇచ్చి ఉంటే ఇంకో వారమో పది రోజులో ఒంట్లో ఉండి, ఈ ఫిట్స్ ఆయన ఇంటికి వెళ్లాక ఏ పరంజా మీదో వచ్చేది. కాలేయం బాగోలేక లోరాజెపాం ఎంచుకున్నందువల్ల మా వార్డులోనే, మంచం మీదే వచ్చింది. దీన్ని అదృష్టం అనక ఇంకేమంటాం.

మూత్ర పరీక్ష చేస్తే ముందే తెలిసేది కదా అని మా జూనియర్ అడిగాడు. క్యాజువాలిటీలో మొదటి సూది పొడవకముందు తీసిన నమూనా అయితే తెలిసేది. మేము బెంజోడయాజెపైన్ ఇచ్చాక అదే జాతి మందు మూత్రంలో ఉందంటే ఏం తేలుతుంది? అప్పటినుంచి మా దగ్గర సూదికి ముందే మూత్రం సీసా నింపి ఫ్రిజ్‌లో పెడుతున్నాం.

మళ్లీ లోరాజెపాం మొదలుపెట్టాం. కంపౌండులో ఏ సీసాలో ఎంత పొడి వేశారో ఎవరికీ తెలియదు కాబట్టి సమానమైన మోతాదు లెక్కగట్టడం కుదరదు. లక్షణాలు సద్దుమణిగే దాకా పెంచుకుంటూ పోవాలి. రోజుకు 6 మిల్లీగ్రాముల దగ్గర ఆయన ఫ్యాను కింద హాయిగా పడుకున్నాడు. అక్కడ నుంచి వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తూ పది వారాలు. చివరి 1 మిల్లీగ్రాము దించడానికే మూడు వారాలు పట్టింది. కల్లు మాన్పించి గోళీలు అలవాటు చేశామన్న మాట రాకుండా ఒకసారికి ఏడు రోజుల మందే ఇచ్చాం. స్ట్రిప్పు భార్య దగ్గర. ఖాళీ స్ట్రిప్పు చూపిస్తేనే కొత్తది.

మద్యం మీద యావ తగ్గడానికి ఆకాంప్రోసేట్ పెట్టాను, 333 మిల్లీగ్రాముల గోళీలు రెండేసి, మూడు పూటలా. అది కాలేయం మీద భారం వేయదు, మూత్రపిండాలు బాగుంటే చాలు. బాక్లోఫెన్ కూడా ఆలోచించాను, కానీ లోరాజెపాంతో కలిపితే మగత ఎక్కువవుతుంది. తాగితే వికటించేలా చేసే డైసల్ఫిరాం ఈ కాలేయానికి పనికిరాదు. ఇక్కడ ఒక మాట. తాగేవాడికి తెలియకుండా అన్నంలోనో మజ్జిగలోనో కలిపే పొడులని ఊళ్లలో అమ్ముతారు, చాలాసార్లు అందులో ఉండేది ఇదే. తెలియక దాని మీద మద్యం తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆయన తల్లి కూడా రెండేళ్ల కిందట ఒక పొడి కలిపిందని ఆ తర్వాత ఎప్పుడో చెప్పింది. ఏ దేవుడి దయవల్లో అందులో ఏమీ లేదు, లేదా ఆయన ఆ పూట అన్నం తినలేదు.

మాల సంగతి. దీక్ష తీసుకోవద్దని నేను ఎవరికీ చెప్పను. 41 రోజులు చుట్టూ స్వాములు, పూజ, వేళకు తిండి, తాగమని పిలిచే మనిషి లేకపోవడం, ఇంత మంచి ఏర్పాటు నేను వార్డులో చేయలేను. కానీ పొద్దున లేవగానే గుక్క పడాల్సినవాడు, ఇంతకుముందు ఎప్పుడైనా మానితే ఫిట్స్ వచ్చినవాడు, రోజూ కల్లు కంపౌండుకు వెళ్లేవాడు మాలకు రెండు వారాల ముందే డాక్టరు దగ్గరికి రావాలి. ఈ ముక్క మా గురుస్వాములతో మాట్లాడి చెప్పించాను. పోయిన కార్తీకంలో పదకొండు మంది ముందుగానే వచ్చారు. అందులో ఏడుగురికి గోళీలు, బీ1 సూదులతో, రోజూ వచ్చి చూపించుకుంటూ సరిపోయింది. నలుగురిని వార్డులో ఉంచాం.

మా మేస్త్రీ అయిదో నెలలో ఒక పెళ్లిలో జారాడు. వారం రోజులు బ్రాందీ తాగాడు, కల్లు మాత్రం ముట్టలేదట. ఎనిమిదో రోజు భార్య బట్టల సంచీ సర్దుకుని, ఆఖరి గుక్క తాగిన టైము ఒక కాగితం మీద రాసుకుని తీసుకొచ్చింది. మేము అడగకముందే "మందు ఇంత, కల్లు లేదు, గోళీలు లేవు" అని వరసగా చెప్పింది. సీఐడబ్ల్యూఏ 14 దాటలేదు. అయిదు రోజుల్లో ఇంటికి వెళ్లాడు.

ఇప్పుడు బిలిరుబిన్ 1.3. చేతులు వణకవు. నడక మాత్రం పూర్తిగా కుదరలేదు. చీకట్లో కాళ్లు ఎడంగానే పడతాయి, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాడు. రెండు గ్లూకోజ్ సీసాల వల్లే అని నేను చెప్పలేను. ఏళ్ల తరబడి సరిగ్గా తినని మనిషి ఆయన. పరంజా ఎక్కవద్దని చెప్పాను. గోడల పని తమ్ముడికి అప్పజెప్పి, ఆయన ఇప్పుడు నేల మీద కూర్చుని టైల్స్ వేస్తున్నాడు. పోయిన నెల మా ఓపీ గదికి కొత్త టైల్స్ వేసింది ఆయనే. రసమట్టం పెట్టి చూశాను, ఎక్కడా తేడా లేదు.